నడక

మార్చి మొదటి శనివారం. పైడె ఊళ్ళో మంచు
పూర్తిగా చావలేదు, బతికీ లేదు.
బడి క్రీడాశాలలో బాస్కెట్‌బాల్ గీతల మీద
పచ్చ తివాచీ పరిచి అంచులకు టేపు వేశారు.
నూట నలభై కుక్కలు, అంతకు రెట్టింపు మనుషులు,
తడి బూట్లు, ఉడికిన కార్జం వాసన,
ఏ మూలో ఆగకుండా హెయిర్ డ్రయ్యర్ హోరు.

పూడిల్ ఒకటి బల్లెక్కి కళ్ళు మూసుకుని
పెళ్ళికూతురిలా జుట్టు దువ్వించుకుంటోంది.
సెయింట్ బెర్నార్డ్ చొంగకు
మెడలో కట్టిన తువ్వాలు చాలడం లేదు.
కుక్క తోక వంకరని లోకం వెక్కిరిస్తుంది గానీ
ఇక్కడ స్పిట్జ్ తోకకు
వంకర తగ్గితే మార్కులు తగ్గుతాయి.

రెండో రింగులో నాది రాత పని.
జడ్జి చెబుతుంది, నేను రాస్తాను.
మూడు కాగితాలు, మధ్య రెండు కార్బన్లు.
ఒకటి క్లబ్బుకి, ఒకటి ఆఫీసుకి,
మసకబారిన మూడోది కుక్కగలవాళ్ళకి.

జడ్జి ఐలా ఫిన్లాండ్ నుంచి పడవలో వచ్చింది.
మా భాష మాట్లాడుతుంది, మాటకీ మాటకీ మధ్య
కాలు పెట్టి మంచు గట్టిదనం చూసుకున్నట్టు.

ముసలి కుక్కల తరగతి.
తొంభై రెండో నంబరు, ఎస్తోనియా వేటకుక్క, పేరు తోరు,
అంటే ఓక్ గింజ.
పట్టుకుని హెల్వే వచ్చింది.
పాల కేంద్రం మెట్ల మీద జారిపడి తుంటి విరిగాక
ఆమె నడక ఊరంతటికీ తెలుసు:
ఒక అడుగు, ఒక ఈడ్పు, ఒక అడుగు.
తోరు పుట్టింది ఆ తర్వాతే.

‘తల పొందిక. కళ్ళు ముదురు గోధుమ.
పళ్ళు వయసుకి మించి శుభ్రం.’
రాశాను.
‘ఛాతీ లోతు. వీపు నిటారు.’
రాశాను.
‘నడిపించండి.’

ఒక అడుగు, ఒక ఈడ్పు.
తోరు కూడా అంతే. ఒక అడుగు, ఒక తడబాటు,
ఎడమ ముందుకాలు గాలిలో ఒక్క క్షణం ఆగి.
‘నడక అసమానం’ అంది ఐలా. ‘కీలు చెడి ఉండొచ్చు.’
రాశాను. కార్బన్ మీద గట్టిగానే పడింది.

ఏమనుకుందో, కళ్ళజోడు తీసి
‘ఇంకెవరైనా పరిగెత్తించగలరా?’ అని అడిగింది.

తాళ్ళ అవతల చిప్స్ తింటున్న పిల్లాడు తానెల్.
వేళ్ళు ప్యాంటుకి తుడుచుకుని పట్టీ అందుకున్నాడు.
పరిగెత్తాడు.

ఏం చెప్పను.
వాలులో నీళ్ళు విడిచినట్టు వెళ్ళింది.
నాలుగు కాళ్ళూ ఒకే మాట మీద.
తివాచీ చివర తిరగడం కూడా తిరిగినట్టు లేదు.
పక్క రింగులో డాల్మేషియన్‌ను దువ్వుతున్న మనిషి
దువ్వెన చేతిలోనే పెట్టుకుని చూశాడు.

నేను హెల్వేని చూశాను.
ఒట్టి చెయ్యి ఇంకా పట్టీ పట్టుకున్నట్టే ముడిచి ఉంది.
కుక్క బాగా పరిగెత్తినందుకు నవ్వు రాబోయి
సగంలో ఇంకేదో గుర్తొచ్చి నిలిచిపోయింది.
ఎనిమిదేళ్ళు. రోజుకి రెండుసార్లు. నది దాకా, వెనక్కి.
‘నాకు తెలీదు’ అంది, ఎవరితోనో.

‘కొట్టేయి’ అంది ఐలా నాతో.
కొట్టేశాను.
‘నడక ధారాళం’ అని చెప్పి, కాసేపాగి,
‘ఇంకేమీ రాయకు’ అంది.

రెండో స్థానం. మొదటిది తార్తు నుంచి వచ్చిన డాక్స్‌హుండ్‌కి,
దానికీ వంక పెట్టడానికి లేదు.
హెల్వేకి నీలం రిబ్బను, ఒక సంచీ మేత.

సాయంత్రం కుర్చీలు మడతపెడుతూ కిటికీలోంచి చూశాను.
కార్ల మధ్య బురద మంచులో హెల్వే ఆగి
మూడో కాగితాన్ని దీపం కిందికి ఎత్తి పట్టుకుంది.
కార్బన్ కాగితంలో కొట్టేసింది కూడా చదవొచ్చు.
పట్టీ వదులు చేసింది. ఇంకా వదులు చేసింది.
పో, అన్నట్టు చెయ్యి ఊపింది కాబోలు.

తోరు కదల్లేదు.
ఆమె కదిలాక కదిలింది.
ఒక అడుగు, ఒక ఈడ్పు,
పక్కనే ఒక అడుగు, ఒక తడబాటు.